బయటపడ్డ రోగం

బిందె ఎత్తబోతే నా భార్య బస్వమ్మకు పక్కటెముక విరిగింది. జహీరాబాద్ దవాఖానలో డాక్టరు హఫీజుద్దీన్ ఉర్దూలో చెప్పాడు. ఆమె తమ్ముడు రేవణసిద్ధప్ప నాకు తెలుగులో చెప్పాడు. మూలుగలో పుట్టిన రోగమట. ఎముకల్ని లోపల్నుంచి తింటోందట. నయం కాదు. హైదరాబాదులో కిరణాల వైద్యం చేయిస్తే నొప్పి తగ్గుతుంది, నడక నిలుస్తుంది. నేను కోహీర్ వీధిబడిలో చదివినవాణ్ణి. ఉర్దూ రాదు.

రైలుకు బయల్దేరిన పొద్దున ఆమె మెడ కింద కొత్త గడ్డ కనబడింది. దవాఖాన ముందు బండి ఆపాం. డాక్టరు గడ్డను నొక్కి చూశాడు. ముఖం మాడింది.

"బీమారీ హడ్డీ సే బాహర్ ఆ గయీ," అని, స్టేషన్ వైపు చెయ్యి ఊపి లోపలికి పోయాడు.

రేవణసిద్ధప్ప నవ్వాడు. "అక్కా, రోగం బొక్కలకెల్లి బయటపడ్డది! ఇగ ఫికర్ లేదు."

మా ఇళ్లలో తట్టు పోస్తే, పొక్కులు పైకి తేలేదాకా భయం. తేలాక బెల్లం పంచుతారు. బస్వమ్మకూ అదే గుర్తొచ్చింది. రైలంటే ముందే వణుకు.

"ఇంటికి పోదం," అంది.

"ఆయన మొఖం చూసినవా? మళ్ల అడుగుపో," అన్నాను.

"నీకు ఉర్దూ వస్తదా బావా? రాదు గద. పెద్ద మున్షీ లెక్క మాట్లాడకు."

బండి అతనిది. ఎద్దుల్ని తిప్పాడు. వెనక రైలు కూత వినబడింది.

వీధంతా బెల్లం పంచాడు. గడ్డ ఎండలేదు, పెరిగింది. వీపు మీద ఇంకోటి లేచింది. ఒక పొద్దున బస్వమ్మ అడిగింది: "నా కాళ్లు యాడున్నయి?"

అప్పుడు నేను వాటినే పట్టుకుని ఉన్నాను.

డాక్టరు ఇంటికి వచ్చి చూసి రేవణసిద్ధప్ప మీద అరిచాడు. ఈసారీ అతనే చెప్పాలి.

"చెప్పు," అన్నాను.

"బయటికొచ్చుడంటే... తగ్గుడు కాదట బావా. పాకుడట. ఆ దినమే పట్నం పోవాల్నట. ఇప్పుడు రైల్ల కూసుంటే ఎన్నుబొక్క విరుగుతదట."

బస్వమ్మ విన్నది. గోడ వైపు ముఖం తిప్పుకుంది. మళ్లీ మాట్లాడలేదు.

ఆమెను మట్టి చేసి వచ్చాక రేవణసిద్ధప్ప గడపలో నిలబడ్డాడు.

"ఎరుక లేక చెప్పిన బావా. జర మాట్లాడు."

నాకు వచ్చిన ఉర్దూ ఒక్కటే మాట. అతనే నేర్పాడు.

"బాహర్," అన్నాను.