ముందు కారు చూసిన మనిషి

రేసు కారును ట్రైలర్లోకి ముక్కు ముందుకుండేలా ఎక్కించాలి. ట్రైలర్‌ను లాగేది మంచాలూ పొయ్యీ ఉన్న మా మోటార్‌హోమ్; ఇంజన్ బరువు కొంత దాని వెనకున్న కొక్కెం మీద పడాలి, లేకపోతే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. టెనెస్సీలో మట్టి రేసు ట్రాకుల చుట్టూ తిరిగే ఏ ఇంటి ఆడదాన్ని అడిగినా ఈ మాట చెబుతుంది. మా ఆయన రాయిస్‌కు తెలుసు, అతని తమ్ముడు డెల్బర్ట్‌కూ తెలుసు. తెలిసే చేశారు కనుకే నాకింత మంట.

శనివారం పందెంలో రాయిస్ గోడకు కొట్టి ముందు చక్రం విరగ్గొట్టాడు. ముక్కు ముందుగా ఎక్కించాలంటే ఆ చక్రం కింద చిన్న దొర్లుడు బల్ల పెట్టి తంటాలు పడాలి. అన్నదమ్ములకు ఓపిక లేక కారును తిప్పి తోక ముందుగా లోపలికి లాగేశారు. ఇంజన్ వచ్చి ట్రైలర్ వెనక తలుపు దగ్గర కూర్చుంది.

ఆదివారం పొద్దున ట్రైలర్ తగిలించాక చూశాను. మోటార్‌హోమ్ వెనక భాగం కొంచెం కుంగాలి. కుంగలేదు.

"బరువంతా వెనకే ఉంది. దించి మళ్ళీ ఎక్కించండి," అన్నాను.

"నువ్వెప్పుడు ఇన్‌స్పెక్టరువయ్యావు వదినా?" అన్నాడు డెల్బర్ట్, నేను చేసిన మెత్తటి బన్నుల్లాంటి బిస్కెట్లూ గ్రేవీ నములుతూనే.

"ఇంటికెళ్ళగానే ఇంజన్ దించాలి కదే. ఇలాగైతే పని తేలిక," అన్నాడు రాయిస్. "నువ్వు మెల్లగా పోనీ, చాలు."

ఇద్దరి దగ్గరా బీరు వాసన ఇంకా పోలేదు. స్టీరింగ్ నేనే పట్టుకోవాలి. మా తొమ్మిదేళ్ళ మార్లీ వెనక మంచం మీద నిద్రపోతోంది. సీట్లోకి తెచ్చి బెల్టు పెడతానంటే, "రాత్రంతా మేలుకుంది, పడుకోనీ పిల్లని," అన్నాడు రాయిస్.

ఇంటిదారిలో కొండ సగం దిగేవరకు బాగానే ఉంది. పక్కనుంచి ఓ పెద్ద లారీ దూసుకుపోయింది. ఆ గాలికి ట్రైలర్ ఒకసారి ఊగింది, ఆ ఊపు ఆగకుండా పెరిగింది. అద్దంలో కుడివైపు కనిపిస్తుంది, మాయమై ఎడమవైపు తేలుతుంది. మా బండి తోకను అది ఈడ్చి పడేస్తోంది.

"బ్రేక్ తొక్కవే, తొక్కు," అని రాయిస్ అరిచాడు.

తొక్కితే ట్రైలర్ మమ్మల్ని తోసి అడ్డం తిప్పేస్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కింద ట్రైలర్ బ్రేకులకు మాత్రమే ఉన్న చిన్న మీట పట్టుకున్నాను. ఊపు తగ్గేదాకా మీట వదల్లేదు. వెనక ఏదో దబ్బుమని పడింది, మార్లీ ఏడుపు వినిపించింది. తల తిప్పి చూడలేకపోయాను. అంత కోపం నా జన్మలో రాలేదు.

ట్రైలర్ నెమ్మదిగా దారికొచ్చింది. కొండ కింద లారీలు ఆగే చదునైన చోట బండి ఆపాను.

రాయిస్ తలుపు తోసుకుని పరిగెత్తాడు. వెనక్కి, మంచం దగ్గరికి కాదు. కిందికి దిగి ట్రైలర్ తలుపు తెరిచాడు. తమ్ముడు వెంటే వెళ్ళాడు.

మార్లీ నేల మీద ఉంది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. పళ్ళు తడిమి చూశాను, ఉన్నాయి. ముఖం తుడిచి, సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.

"పట్టీలు తెగలేదు. కారుకేం కాలేదే," అని బయటినుంచి రాయిస్ కేకేశాడు. వాడి గొంతులో ఎంత సంతోషమో.

కారుకు నాలుగు పట్టీలు కట్టాడు. పిల్లకు ఒక్కటి కట్టనివ్వలేదు.

నేను దిగి ట్రైలర్ చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టాను. ట్రైలర్ ముందుండే ఇనుప కాలు నేలకు దించి కొక్కెం విప్పాను, గొలుసులు తీశాను, కరెంటు వైరు పీకాను.

"ఏం చేస్తున్నావే? మళ్ళీ సర్దుదామనా?" అన్నాడు రాయిస్.

"నువ్వు సర్దుకో."

"వదినా, కోపంలో ఉన్నావు, కాస్త ఆగు," అని డెల్బర్ట్ దారికడ్డం వచ్చాడు.

"ఇన్‌స్పెక్టర్ని కదా. మీ అన్న ఎక్కితే ఈ బండి రోడ్డు మీదికి పనికిరాదు. తప్పుకో."

వాడు తప్పుకున్నాడు. రాయిస్ అప్పుడు కిటికీలోంచి కూతుర్ని చూశాడు. ముఖం పాలిపోయింది.

"మార్లీకి దెబ్బ తగిలిందా?" అన్నాడు.

ఎక్కి తలుపు వేసుకుని బండి తీశాను.

"నాన్న రాడా?" అంది మార్లీ.

"కారు దగ్గర ఉంటాడమ్మా," అన్నాను.