ఖాళీ పసుపు

నేను ఒక చదరం, ఒక త్రిభుజం, బోలెడంత ఖాళీ పసుపు. ప్లైవుడ్ పలక మీద వేసిన ఆధునిక చిత్రాన్ని. చెట్టో దేవుడో కనబడితే తప్ప బొమ్మ కాదనేవాళ్ళకు నేను బొమ్మనే కాను.

నన్ను వేసింది విశాఖపట్నంలో డ్రాయింగు టీచరు పేరిందేవి. నల్ల చదరమూ ఎర్ర త్రిభుజమూ ఇట్టే వేసేసింది కానీ, కుడివైపు పసుపుతో నెలల తరబడి కుస్తీ పట్టింది. ఆ నలుపు బరువంతా మోయాల్సింది ఆ ఖాళీయేనట. "ఏటి టీచరమ్మా, సగం ఏసి ఒగ్గేసినారు?" అని చూసినవాళ్ళంతా నవ్వారు. చివరికి కాంట్రాక్టరు గవర్రాజు కొన్నాడు. కళాపోషణ ఏమీ కాదు, అతని సోఫా పసుపు రంగుది.

పేరిందేవి జుట్టు నెరిసిపోయాక ఢిల్లీ మ్యూజియం నుంచి కబురొచ్చింది. దేశంలోని ఆధునిక చిత్రకళలో ఆమెకూ చోటిస్తారట, ఒక్క బొమ్మ చూపిస్తే చాలట. తక్కినవన్నీ అద్దె కొంపలో చెదల పాలయ్యాయి. మిగిలింది నేనే. సన్యాల్ అనే విమర్శకుణ్ణి వెంటబెట్టుకుని ఆమె గవర్రాజు ఇంటికొచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

పెద్ద టీవీ కొన్నప్పుడు గోడమీద చోటు చాలక గవర్రాజు నన్ను కోయించాడు. పసుపు వేలెడు మిగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా సంతకమూ పోయింది.

"అందులో ఏటీ నేదు కదమ్మా, ఖాళీయే కదా!" అన్నాడతను. పాపం, కాఫీ కూడా ఇప్పించాడు.

సన్యాల్‌కు తెలుగు ముక్క రాదు. నా ముందు నిలబడి తలాడిస్తున్నాడు. "ఎంత తెగువ! ఎర్ర మొన వెళ్ళి అంచును పొడవబోతోంది. ఇంకొకరైతే అక్కడ ఖాళీ వదిలి పాడుచేసేవారు" అన్నాడు ఇంగ్లీషులో. "కావాలనే ఇలా వేశారా?"

ఆమె నావైపు చూసింది. నిజం చెబుతుందని నేను పిచ్చిగా ఆశపడ్డాను. చెబితే నేను చెక్కముక్కను, ఆమె ఎవరికీ పట్టని ముసలి టీచరు. ఇంకో బొమ్మ లేదు, ఇంకో పిలుపు రాదు.

"అవును, కావాలనే" అంది పేరిందేవి.

"మరి సంతకం?"

ఆ వేలెడు పసుపు మీదే సంతకం చేసింది. రంపం పెట్టినప్పుడు కూడా నాకు అంత నొప్పి కలగలేదు.

ఇప్పుడు మ్యూజియంలో చల్లగా ఉన్నాను. నా అంచు గురించి విద్యార్థులకు పాఠాలు చెబుతున్నారు. మొన్న నా పక్కన పేరిందేవి కొత్త బొమ్మ తగిలించారు. దానికీ కుడివైపు పసుపు వేలెడే. దాన్ని ఎవరూ కోయలేదు.