ఇంకా రాని తేదీ

ఆ ఉదయం చంద్రుడు ఇంకా దిగిపోలేదు. పడమటివైపు కొబ్బరిమట్టల మీద, నీళ్ళు కలిపిన మజ్జిగ రంగులో, ఒక పక్క అరిగి ఉన్నాడు. తూర్పున పొగమబ్బు, సూర్యుడు వచ్చాడో లేదో తెలియడం లేదు. వేంకటసుబ్రహ్మణ్యం స్నానం చేసి తడిబట్టతోనే వచ్చి పడమటి గది తాళం తీశాడు. గడియ తుప్పు పట్టింది. రెండుసార్లు లాగితేగాని రాలేదు.

దసరా వెళ్ళిన మర్నాడు, ధనిష్ఠ ఉండగా, ఆ గదిలోనే ఆయన కొడుకు శశిధర్ కామెర్లతో పోయాడు. ధనిష్ఠలో పోతే ఆ గది ఆరు నెలలు మూసెయ్యాలి. లోపలి వస్తువు బయటికి రాకూడదు, దీపం వెలగకూడదు. తెనాలిలో ముప్ఫై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తూ ఆ మాట ఆయన ఎందరికో చెప్పాడు. ఒక్క గదిలో కాపురముండే ఇడ్లీల అచ్చమ్మకీ చెప్పాడు. ఆవిడ ఆరు నెలలూ పిల్లలతో పొరుగింటి అరుగు మీద పడుకుంది. తన ఇంటికి వచ్చేసరికి వేరే మాట ఎలా చెప్తాడు?

గది మూసిన రోజు కోడలు వసుంధర ఒక్కటే అడిగింది.

"మావయ్యగారూ, ఆ కంప్యూటరొక్కటి బయట పెట్టించండి. అందులో ఆయన గొంతుంది. ఇంకెక్కడా లేదు."

"ఆరు నెలలేగా అమ్మా. ఎక్కడికి పోతుంది?" అన్నాడాయన. ప్లగ్గు తనే పీకి, తాళం తనే వేశాడు.

కొత్త మైకు కొన్న రోజున శశిధర్, కూతురు మేఘన చేత ఎక్కాలు చెప్పించి, ఇద్దరి గొంతులూ అందులో రికార్డు చేశాడు. అదొక్కటే ఉంది. మొన్న సంక్రాంతి దాటాక ఆ పిల్ల, "అమ్మా, నాన్న ఎలా మాట్లాడేవాడు?" అని అడిగింది. వసుంధర లేచి వంటింట్లోకి వెళ్ళింది. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఆ మాట విన్నాడు. అప్పట్నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

తొమ్మిదింటికి జార్జి వచ్చాడు, రేపల్లె పాసింజరు దిగి. బాపట్లలో శశిధర్‌తో కలిసి కంప్యూటరు పాఠాలు చెప్పినవాడు. చెప్పులు వీధిలోనే విడిచి, గడప దగ్గర ఆగాడు.

"లోపలికి రావచ్చాండి, బాబాయిగారూ?"

"రా నాయనా."

గదిలో చెమ్మ వాసన. మంచం పక్కన కామెర్ల మందు గ్లాసు అడుగున తెల్లటి పొడి ఎండిపోయి ఉంది. జార్జి దాన్ని చూసి, చూడనట్టు దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. ప్లగ్గు పెట్టి మీట నొక్కితే ఫ్యాను గుర్రుమంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా పరుగెత్తి, అడుగుకు వచ్చి ఆగిపోయాయి.

"ఏంటంటోంది?" మేఘనతో పాటు వచ్చి వెనక నిలబడ్డ వసుంధర అడిగింది.

"ఎక్కడం లేదండి. ఈపాటికి బొమ్మ రావాలి."

మూత విప్పి వైర్లు పీకి, ఊది, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. మూడోసారీ అంతే. ముసలాయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"గది మూసినందువల్లేనా నాయనా?"

"డిస్కు పోయిందేమోనని భయంగా ఉందండి" అన్నాడు జార్జి. వసుంధర మామగారి వైపు చూడలేదు. చూసి ఉంటేనే నయమనిపించింది ఆయనకు.

"అంకుల్, మీకు రాదా?" అంది మేఘన.

"వచ్చమ్మా. మీ నాన్నకొచ్చినంత రాదు. కంప్యూటరు నడవడానికి ఊరంతా ఒకటి వాడుతుంటే ఆయనొక్కడూ లినక్స్ అనేవాడు. ఏంట్రా దీని గొప్పంటే, 'చెడిపోతే ఎందుకు చెడిపోయిందో చెప్పి మరీ చెడిపోతుందిరా, దాని మర్యాద అదీ' అనేవాడు."

"అయితే ఏం చెబుతోందో చదవండి అన్నయ్యగారూ. ఇందాకట్నుంచీ దులుపుతూనే ఉన్నారు" అంది వసుంధర.

జార్జి సిగ్గుపడి, వంగి, పై వరసల నుంచి వేలు పెట్టి చదివాడు.

"పోయినసారి ఈ డిస్కు తెరిచిన తేదీ ఇంకా రాలేదంటోందండి. రాని రోజున ఎలా తెరిచారు, ఏదో తేడా ఉంది, మీరే చూసుకోండి అని ఆగిపోయింది." గబగబా మీట ఆపి, మళ్ళీ వేస్తూనే కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కి పట్టాడు. ఈసారి లోపలి సెట్టింగుల నీలం తెర వచ్చింది. అందులో తేదీ 1998 జనవరి ఒకటి.

"లోపల రూపాయిబిళ్ళంత బ్యాటరీ ఉంటుందండి. కరెంటు లేనప్పుడు గడియారం దాని మీదే నడుస్తుంది. అసలే పాతది, ఆరు నెలలు ప్లగ్గు లేక అయిపోయింది. గడియారం మొదటికి వెళ్ళిపోయింది. డిస్కుకేం కాలేదండి."

వేంకటసుబ్రహ్మణ్యం ఆ అంకెల వంకే చూస్తున్నాడు. అప్పటికి శశిధర్‌కి పెళ్ళి కాలేదు. బాపట్లలో గది తీసుకుని ఉండేవాడు. శనివారం సాయంత్రం మాసిన బట్టల సంచితో బస్సు దిగేవాడు. ఆ డబ్బాకి సంబంధించినంతవరకూ ఏదీ ఇంకా జరగలేదు.

"ఇవాళ్టి తేదీ చెప్పండి బాబాయిగారూ."

వీధి వీధంతా తిథీ వారం అడిగేది ఆయన్నే. ఆయన చూపు ఆ అంకెల మీంచి కదల్లేదు.

"తాతయ్యా, నీకూ రాదా?"

"సర్వజిత్తు. చైత్ర బహుళ తదియ, గురువారం" అన్నాడు.

"ఇంగ్లీషుదండి."

"ఏప్రిల్ ఐదు. రెండువేల ఏడు."

జార్జి ఒక్కో నొక్కుకూ ఒక్కో ఏడాది ముందుకు జరిపాడు. రెండువేలు దాటాక, మూడు, నాలుగు, ఐదు. ఆరు దగ్గర వేలు కాస్త ఆగింది. తర్వాత ఏడు వచ్చింది.

ఈసారి బొమ్మ వచ్చింది. వసుంధర కూర్చుని, వేళ్ళు చూసుకోకుండానే పాస్‌వర్డు కొట్టింది. ఎక్కాలు ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు.

"ఏడొకట్ల ఏడు." మేఘన గొంతు, ఇప్పటికంటే సన్నగా.

"ఊఁ."

"ఏడు రెళ్ళు పధ్నాలుగు."

"ఊఁ."

అందరూ తర్వాతి మాట కోసం ఎదురు చూశారు. ఏడెనిమిదుల దగ్గర పిల్ల ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు, దూరంగా ఆటో హారను. శశిధర్ అందించలేదు. కాస్సేపటికి మళ్ళీ, మెల్లగా, "ఊఁ" అన్నాడు. "యాభయ్యారు!" అని అరిచింది పిల్ల. ఎక్కం ముగిసింది. రికార్డింగూ ఆగిపోయింది.

"ఇంతేనా?" అంది వసుంధర.

"ఇంతేనండి వదినగారూ."

"మాట్లాడాడనుకున్నాను" అంది. "ఇన్నాళ్ళూ మాట్లాడాడనే అనుకున్నాను."

'ఎక్కడికి పోతుంది' అన్న తన మాట నిజమైందని అనుకోలేకపోయాడు ముసలాయన. మేఘన మాత్రం మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విన్నారు. జార్జి గడియారాల షాపుకు వెళ్ళి బ్యాటరీ తెచ్చి వేశాడు. చేతులు తుడుచుకుని, మధ్యాహ్నం బండికి వెళ్తానన్నాడు.

"భోంచేసి వెళ్ళు."

ఆ ఇంట్లో బయటి కులాలవాళ్ళకు అరుగు మీదే వడ్డించేవారు. వసుంధర ఆకు పట్టుకుని అరుగు వైపు వెళ్ళబోతుంటే, వేంకటసుబ్రహ్మణ్యం తన పీట పక్కన చేత్తో తట్టి చూపించాడు. జార్జి ఒకసారి వసుంధర ముఖం చూసి, వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ అందరయ్యాక తినే వసుంధర కూడా మేఘన పక్కన ఆకు వేసుకుంది.

మామిడికాయ పప్పు, మజ్జిగ. మేఘన ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, అలవాటుగా పెద్దవాళ్ళ వైపు చూసింది. తాతయ్య 'ఊఁ' అన్నట్టు తల ఊపాడు. పిల్ల తింది. పడమటి గది తలుపు తీసే ఉంది. లోపల ఫ్యాను సన్నగా తిరుగుతోంది.