పదిహేడో రాయి

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే స్టేట్ హైవే చరిత్ర సర్కారు ఫైళ్లలో ఒకలా ఉంటుంది, లింబయ్య కడుపులో ఇంకోలా ఉంటుంది. ఫైళ్లలో ఎడ్లబండ్ల బాట, మొరం రోడ్డు, తారు రోడ్డు ఉన్నాయి. లింబయ్య కడుపులో ఉన్నది ఒక్క రాయి.

ముప్పై ఏళ్లు ఆయన రోడ్డు గ్యాంగులో పనిచేశాడు. పదహారో కిలోమీటర్ రాయి నుంచి పదిహేడో రాయి దాకా గుంతలు పూడ్చడం ఆయన వంతు. అక్కడి నుంచి బోధన్ వైపు సాయన్న వంతు. పనిలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం సాయన్న అన్నానికి పోయిన సందు చూసి, లింబయ్య చెరుకుబండి ఒకటి ఆపాడు. బండివాడికి బీడీకట్ట ఇచ్చి, పదిహేడో రాయిని పెకిలించి, వంద అంగలు తన వైపుకు తెచ్చి పాతాడు. ఆ వంద అంగల పని ఇక సాయన్న నెత్తిన పడ్డట్టే. రోడ్డుకు రెండు పక్కలా మనిషెత్తు చెరుకు, ఎక్కడ నిలబడ్డా ఒకేలా ఉంటుంది. దొరికిపోతానన్న భయంతో తను కూడా మళ్లీ అంగలు లెక్కపెట్టలేదు. సాయన్న చెమటలు కక్కుతుంటే చూసి లోలోపల నవ్వుకునేవాడు, అంతే.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పదిహేడో కిలోమీటర్ దగ్గర బస్ షెల్టర్ మంజూరైంది. ఇంజినీరమ్మ రమ్య పదహారో రాయి నుంచి కొలతచక్రం దొర్లించుకుంటూ వస్తోంది. లింబయ్య భార్య పెంటవ్వ చాయ్ హోటల్ ఆ పదిహేడో రాయి పక్కనే ఉంది. అసలు చోటు తేలితే షెల్టర్ వంద అంగలు అవతల, సాయన్న పొలం ముందర పడుతుంది. బస్సులూ అక్కడే ఆగుతాయి. హోటల్ పని ఖతం.

సాయన్న మాత్రం రోజులాగే బెంచీ మీద కూర్చుని, రోజులాగే పైసా ఇవ్వకుండా చాయ్ తాగుతున్నాడు. లింబయ్యకు అదొక మంట.

ఆయన పొయ్యి దగ్గరికి పోయి, గుసగుసగా అంతా చెప్పేశాడు.

పెంటవ్వ చాయ్ వడపోస్తూనే అడిగింది. "ఎన్ని అంగలు?"

"వంద."

"మంచిగ చేసినవ్. పోయి గ్లాసులు కడుగు."

చక్రం వచ్చి రాయి దగ్గర ఆగింది. "సరిగ్గా వెయ్యి మీటర్లు. షెల్టర్ ఇక్కడే" అంటూ రమ్య ఎర్ర రంగుతో గుర్తు పెట్టింది.

లింబయ్య నోరు ఊరుకోలేదు. "మేడం, ఇంకోపారి కొలువుండ్రి. మీ చక్రం ఖరాబైందేమో."

పెంటవ్వ ఆయన కాలు తొక్కింది. రమ్య నవ్వి, చక్రం దొర్లించుకుంటూ ముందుకు పోయింది.

"నీకు సద్దన్నం తెచ్చిన దినం, నువ్వు రాయి జరుపుడు చెరుకుల నిలబడి సూసిన" అంది పెంటవ్వ. "పెద్ద సార్లు కొలిస్తె నీ నౌకరీ పోతుండె. గా దినమే సాయన్న కాళ్లు పట్టుకుని రాయిని ఎనుకటి జాగల పెట్టిపిచ్చిన. గీయనకు పుక్కట్ల చాయ్ ఎందుకని హోటల్ పెట్టిన సంది లొల్లి జేస్తివి గద, గిందుకే."

సాయన్న మీసాల్లో నవ్వాడు. "ముప్పై ఏండ్లు నీ పని నువ్వే పూరా చేసినవ్ లింబన్నా. ఒక్క అంగ గూడ తక్కువ చెయ్యలే."

లింబయ్యకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. సాయన్న చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని, తనే నింపుకొచ్చాడు.

సాయన్న ఒక గుక్క తాగి, గ్లాసు మళ్లీ ఆయన చేతికిచ్చాడు.

"జెర చక్కెర ఎక్కువెయ్యి."