రెండో గరిటె ఎవరిది

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఒకటో తారీఖున జీతం తెచ్చి నా చేతిలో పెట్టడం ఆయనకున్న మంచి అలవాటు. ఈసారి జీతానికి బదులు ఒక కాగితం తెచ్చారు. ఆఫీసులో కంప్యూటర్లు మారుస్తున్నారట, జీతాలు పన్నెండో తారీఖున పడతాయట, సిబ్బంది సహకరించాలట.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"ఏమంటాం, సహకరిస్తామన్నాం" అన్నారు.

నోట్లో నాలుక లేని మనిషి. హారన్ కూడా మొహమాటపడుతూ కొడతారు. ఆయన సహకరిస్తారు సరే, పొయ్యి సహకరించొద్దూ? నేను బట్టలు సరిచేసే కొట్లో పనిచేస్తాను. నడుములు తగ్గించడం, అంచులు మడవడం, జిప్పులు మార్చడం. నాకు వచ్చింది అప్పటికే ఇంటద్దెకు పోయింది. వంటింట్లోకి వెళ్ళి చూశాను. బియ్యం డబ్బాలో సగానికి తక్కువ, పప్పు ఒక సీసా, గుడ్లు ఆరు, ఒక బుట్టెడు బంగాళాదుంపలు, నూనె సీసాలో నాలుగు వేళ్ళు. పర్సులో రెండు నోట్లు, కాస్త చిల్లర. పన్నెండు రోజులు, ముగ్గురు మనుషులు.

ఆ మూడో మనిషి మా అత్తయ్య. ముప్పై ఏళ్ళు ఒక ఆసుపత్రి వంటశాలలో వడ్డించి రిటైరయ్యింది. నాలుగు వార్డులు, వార్డుకు నలభై పళ్ళేలు. ఆవిడ గరిటెతో తీసిందంటే నలభై పళ్ళేల్లోనూ ఒక్కలాగే ఉండేదట, కావాలంటే తూకం వేసి చూసుకోవచ్చట. ఇప్పటికీ ఇంట్లో ఆ పాత ఏప్రన్ కట్టుకునే వడ్డిస్తుంది. "జ్వరం తగ్గిందా?" అని అడగడం ఒక్కటే తక్కువ.

కాగితం సంగతి విని ఆవిడ తాపీగా, "పన్నెండు రోజులే కదా, నేను పెద్దోడింటికి వెళ్ళొస్తాలే. ఒక నోరు తగ్గుతుంది" అంది.

పెద్దోడంటే మా బావగారు. ఆయనా, మా తోడికోడలూ చెడ్డవాళ్ళేం కాదు. పెద్ద ఉద్యోగాలు, పెద్ద ఇల్లు. పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు, ఇంట్లో ఎవరో ఒక మనిషి ఉంటే వాళ్ళకు నిశ్చింత. రెండేళ్ళ క్రితం వారం రోజులని వెళ్ళిన అత్తయ్య అక్కడ ఐదు నెలలు ఉండిపోయింది. తిరిగొచ్చాక నెల రోజులపాటు మా ఇంట్లో కూడా "కిటికీ తీయొచ్చా అమ్మాయ్? ఈ కుర్చీలో కూర్చోవచ్చా?" అని అడిగి అడిగి చేసేది. నన్ను తిట్టడానికి కూడా అనుమతి అడుగుతుందేమోనని భయమేసింది.

నాకు ఏడో ఏటే అమ్మ పోయింది. పని నుంచి ఇంటికి రాగానే "ఇంతసేపేమిటి, టీ చల్లారి చచ్చింది" అని విసుక్కునే మనిషి ఉండటం ఎంత సుఖమో నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. ఆవిడ వెళ్ళడం నాకిష్టం లేదు. వెళ్తే ఈసారి వస్తుందన్న నమ్మకమూ లేదు. ఈ ముక్క మెత్తగా చెప్పడం చేతకాక గట్టిగా అరిచాను.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఉన్నదాంట్లోనే ముగ్గురం తింటాం."

ఆవిడ నా అరుపులకు అదిరే మనిషి కాదు. వార్డుల్లో ఇంతకంటే పెద్ద అరుపులు విన్నదాయె.

"సరే, ఉంటాను. కానీ ఒక మాట" అంది. "నా మూలంగా ఈ ఇంట్లో ఎవరూ పస్తుండకూడదు. ఉన్నట్టు తెలిసిందో, ఆ పూటే పెద్దోడికి ఫోన్ చేస్తా. మళ్ళీ నువ్వు అడ్డం పడకూడదు."

"తెలిస్తే కదా" అని మనసులో అనుకుని, పైకి మాత్రం "అలాగే" అన్నాను.

అప్పుడు మొదలైంది యుద్ధం. కూరగాయల ఆయన సాయంత్రం కొట్టు కట్టేసే ముందు మెత్తబడ్డ సరుకంతా ఒక పక్కన కుప్ప పోస్తాడు. నేను ఆ కుప్ప దగ్గర నిలబడి ఒక్కో టమాటాకూ లేని జబ్బులన్నీ అంటగట్టేదాన్ని. "నీకు పుణ్యముంటుంది, పట్టుకుపో తల్లీ" అనేవాడు చివరికి. క్యాబేజీ పై ఆకులు, అందరూ చించి పారేసేవి, సన్నగా తరిగి వేయించాం. బంగాళాదుంపలు తొక్కతోనే ఉడికించాం. ఒక్క గుడ్డును ముగ్గురికి సరిపెట్టడం అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. అందులో ఉల్లిపాయ, ఉడికించి చిదిమిన దుంప కలిపి పెనం మీద పల్చగా పరిస్తే పళ్ళేనికి ఒక ముక్క వస్తుంది. గుడ్డు ఎక్కడుందని మాత్రం అడక్కూడదు. పప్పు రోజురోజుకూ పల్చబడింది. ఆరో రోజుకి మా ఆయన గరిటె తిప్పి తిప్పి చూసి, "ఇందులో పప్పు కూడా వేశారా?" అని అడిగారు పాపం, నిజంగానే తెలియక.

ఇక నా దొంగతనం సంగతి. పొద్దున అత్తయ్య నా డబ్బాలో అన్నం సర్ది పెట్టేది. ఆవిడ అటు తిరగ్గానే అందులో సగం తీసి మా ఆయన డబ్బాలో కుక్కేదాన్ని. రాత్రి భోజనాల దగ్గర "ఈ దుంప నాకు పడదండీ, గ్యాస్" అంటూ నా పళ్ళెంలోది ఆయన పళ్ళెంలోకి తోసేదాన్ని. బస్సు నడిపే మనిషి, అంతమంది ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి, కళ్ళు తిరిగితే ఎలా? నేనైతే కూర్చుని కుట్టేదాన్ని, మహా అయితే సూది గుచ్చుకుంటుంది.

ఆయన ఒకసారి "చాలే" అన్నారు.

"చాలేమిటి?" అన్నాను నేను.

"చాలంటాడేమిటి?" అంది అత్తయ్య. "పస్తుంటావేంట్రా?"

ఆయన నా వైపు ఒకసారి, వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, తలొంచుకుని తినేశారు. మళ్ళీ ఎప్పుడూ చాలనలేదు. నాకు లోపల కాస్త ఒళ్ళు మండింది కూడా. ఇల్లు ఎలా నడుస్తోందో పట్టదు, పెట్టింది పెట్టినట్టు తినేస్తాడు, మగాళ్ళకు ఆకలి తప్ప ఇంకేమీ కనపడదు అనుకున్నాను. అత్తయ్య పళ్ళెం చూస్తే మాత్రం నిండుగా ఉండేది. హమ్మయ్య, ఈవిడైనా కడుపు నిండా తింటోంది అని సంతోషించాను.

పదో రోజు పొద్దున ఆయన యూనిఫాం ప్యాంటు చేత్తో పట్టుకుని వచ్చారు. టవల్ కట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడి నసిగారు.

"ఇది కొంచెం వదులు చేస్తావా? హుక్ తెగింది."

"గుడ్డ పాతబడి ఉంటుంది" అంటూ టేపు తీసి ఆయన నడుము చుట్టూ పెట్టాను. చూసి, మళ్ళీ పెట్టాను. అంగుళంన్నర పెరిగింది. నేను రోజుకు పాతిక నడుములు కొలుస్తాను. టేపు అబద్ధం చెప్పదు, నా చెయ్యి అసలే చెప్పదు. ఇంట్లో పప్పు నీళ్ళు తాగుతూ అంగుళంన్నర పెరిగిన మొగుడు ఎక్కడ తిని పెరిగినట్టు?

"బయట తింటున్నారా?" అన్నాను.

ఆయనకు దొంగకు తేలు కుట్టినట్టయింది. "లేదు" అన్నారు, గోడకు చెబుతున్నట్టు.

"మరి ఇదెక్కడి నుంచి వచ్చింది? నేను మెత్తబడ్డ టమాటాల కోసం బజార్లో పరువు తీసుకుంటుంటే మీరు హోటళ్ళలో కూర్చుంటున్నారా? ఎవరు పెడుతున్నారు? ఎవరి డబ్బు?"

అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. "వాడెక్కడా తినడు. వాడి మీద అరవకు" అంది. ఆ మాట మీద ఆగినా బాగుండేది. కొడుకు మీద మాట పడితే ఆగే తల్లి ఎక్కడుంది? నా చేతిలోని టేపు తీసుకుని, కళ్ళద్దాలు సవరించుకుని ఆ గీత చూసింది. చూసి కనుబొమలు ముడిచింది.

"అంగుళంన్నరా? అంత రాకూడదే" అంది. "నేను వాడికి ఎక్కువ వేస్తున్నది పూటకొక్క గరిటె. ఒక్క గరిటెకి ఇంత పెరగదు. ముప్పై ఏళ్ళు చూశాను. రెండో గరిటె ఎవరిది?"

అన్న మాట ఏమిటో ఆవిడకు అనేశాకే అర్థమైంది. నేను ఆవిడ ముఖం చూడలేదు, ఆవిడ వెనక్కి వెళ్ళి ఏప్రన్ ముడి చూశాను. ఎప్పుడూ ముడి వేశాక కొసలు బెత్తెడు మిగిలేవి. ఇప్పుడు బెత్తెడున్నర దాకా వేలాడుతున్నాయి. రోజుకు పాతిక నడుములు కొలిచేదాన్ని, ఇంట్లో ఉన్న నడుము చూసుకోలేదు. నా కళ్ళు కాలిపోనూ.

"అత్తయ్యా, ఆయనకు ఎక్కువ వేసిన ఆ గరిటె ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి, గిన్నెలోది."

"కాదు, మీ పళ్ళెంలోది. మరి అది రోజూ నిండుగా ఎలా కనపడేది?"

ఆవిడ చూపు తప్పించింది. "అంచు చుట్టూ పల్చగా పరిస్తే నిండుగానే కనపడుతుంది" అంది నెమ్మదిగా. "సరుకు తక్కువైన రోజుల్లో ఆసుపత్రిలో అలాగే చేసేవాళ్ళం."

పైన పటారం, లోన లొటారం. పది రోజులు ఆ పళ్ళెం చూసి నేను సంతోషించాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా? నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి, ఏది ముందు బయటపెట్టాలో తెలియలేదు.

ఆవిడ మాత్రం తేరుకుంది. నా చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర వేళ్ళు చుట్టి చూసింది. "రెండో గరిటె నీదేగా" అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "పస్తుంటున్నావు. నా మూలంగానే. మాటంటే మాట, అమ్మాయ్."

"మీరు మాత్రం ఉండలేదూ?"

"నేను నా మూలంగా ఉన్నాను. దానికి లెక్క లేదు."

ఈ న్యాయం ఏ కోర్టులో చెల్లుతుందో నాకు తెలియదు. నేను వాదించే లోపలే ఆవిడ ఫోన్ అందుకుని బావగారి నంబరు నొక్కింది. స్పీకర్ పెడితే తప్ప ఆవిడకు సరిగా వినపడదు. గదంతా రింగు మోగుతోంది. అడ్డం పడకూడదని మాటిచ్చాను. ఇచ్చినందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఆ ప్యాంటు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు మాట్లాడారు మా ఆయన. ఆఫీసులో జీతం ఆపినా నోరెత్తని మనిషి.

"అమ్మా, నాకు నాలుగు రోజుల నుంచి తిన్నది అరగట్లేదు. స్టీరింగ్ తిప్పుతుంటే పొట్ట అడ్డమొస్తోంది. బస్సు ఆపుకుని నీళ్ళు తాగి, కాసేపు నడిచి, మళ్ళీ ఎక్కుతున్నాను. మీరిద్దరూ మీ పళ్ళేల్లోది నాకు తోస్తున్నారని నాకు మొదటి రోజే తెలుసు."

"తెలిసీ ఎందుకు తిన్నావురా?" అంది అత్తయ్య.

"వద్దంటే నేను పస్తుంటున్నానంటావు. దీని సంగతి చెబితే ఇది పస్తుంటోందంటావు. ఎలా చూసినా నువ్వు వెళ్ళిపోతావు." ఆయన ముక్కు తుడుచుకున్నారు. "పోయినసారి నువ్వు వెళ్ళినప్పుడు ఆపలేదు. నాకు మాటలు రావు కదా. తినడం వచ్చు. అందుకని తిన్నాను."

ఈ మనిషినా నేను పది రోజులు తిండిపోతని తిట్టుకున్నది. నాకు ఆయన ముఖం చూడ్డానికి సిగ్గేసింది.

అంతలో ఫోన్లో బావగారి గొంతు వినిపించింది. "అమ్మా, చెప్పు. వస్తున్నావా? రేపు పొద్దున్నే రాగలిగితే మంచిది, మేమిద్దరం ఆదివారం దాకా ఊళ్ళో ఉండం."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. ఆయన ఇంకా టవల్ కట్టుకునే నిలబడి ఉన్నారు. నా వైపు చూసింది.

"రావడం కుదరదురా" అంది ఫోన్లోకి. "ఇక్కడ ఒకడు ఆకలి లేకుండా తింటున్నాడు. ఒకతె ఆకలేస్తుంటే తినట్లేదు. వీళ్ళకు అన్నం తినడం నేర్పాలి."

"అదేంటమ్మా? సరే, ఎన్ని రోజులు పడుతుంది?"

"నేను బతికున్నన్నాళ్ళూ పట్టేట్టుంది" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నేను ఆ ప్యాంటుతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ నన్ను చూసి విసుక్కుంది. "ఏడిస్తే తర్వాత ఏడుద్దువుగాని, నీ పళ్ళెం తెచ్చుకో ముందు" అంది.