డాడీ పర్సులో లైబ్రరీ కార్డు

ఆ కాగితం తొమ్మిది రోజులుగా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. తండ్రి సంతకం చేయాల్సిన గీత ఖాళీగా ఉంది. మా అన్న గియాసుద్దీన్ పాల కోసం వచ్చిన ప్రతిసారీ దాన్ని చూసేవాడు. పాలు తీసుకుని తలుపు వేసి వెళ్ళిపోయేవాడు.

కాగితం అన్న కూతురు మెహ్విష్‌ది. దానికి పదిహేనేళ్ళు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల స్కూల్లో ఇయర్ టెన్ చదువుతోంది. ఆ స్కూల్లో పదో తరగతికీ పదకొండుకీ మధ్య ఇష్టమైనవాళ్ళు ఒక ఏడాది ఆగవచ్చు. దానికి బ్రిడ్జ్ ఇయర్ అని పేరు. పరీక్షలు ఉండవు. ఒక నెల బేకరీలోనో కూరగాయల తోటలోనో పని చేయాలి. వారానికోసారి ముసలివాళ్ళ హోమ్‌లో వంట చేయాలి. వీపున సంచి, చేతిలో మ్యాపు పెట్టుకుని పది రోజులు కొండల్లో నడవాలి. పిల్లలు తమ పనులు తాము చేసుకునేంత పెద్దవాళ్ళు కావడానికి అని కాగితం మీద రాసి ఉంది.

"పాసైన పిల్లని ఏడాదిపాటు ఆపితే మా ఊళ్ళో ఏమంటారో తెలుసా? ఫెయిలంటారు," అన్నాడు అన్న.

"డాడీ, ఇట్స్ నాట్ ఫెయిలింగ్. ఇట్స్ ఆప్షనల్."

"అయితే ఆప్షనల్‌గా ఫెయిలవుతానంటావు."

అది తొంభై తొమ్మిది సెప్టెంబరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని, వైటూకే అని పేరు పెట్టి, లోకమంతా భయపడుతున్న రోజులు. అన్న ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు వెతికి, రెండంకెల సంవత్సరం ఉన్న చోటల్లా నాలుగంకెలు వేసే పని చేసేవాడు. శనివారాలు కూడా వెళ్ళేవాడు. కంప్యూటర్ వాళ్ళని పిలిచి ఉద్యోగాలిచ్చే రోజులు ఎన్నాళ్ళో ఉండవనీ, ఏడాది వెనకబడితే మెహ్విష్ వచ్చేసరికి ఏమీ మిగలదనీ ఆయన భయం. ఆ భయంతోనే నన్నూ పిలిపించాడు. కందుకూరులో తెలుగు మీడియం డిగ్రీ చేసి ఇంట్లో ఉన్నదాన్ని, ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ వచ్చి ఏడాది కంప్యూటర్ కోర్సులో చేరాను. ఆ కోర్సు నాకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"లోకంలో వాళ్ళందరి సంవత్సరాలూ బాగుచేస్తారు. పిల్ల అడిగేది ఒక్కటే సంవత్సరం, ఇవ్వకూడదా?" అంది అన్న భార్య షెహజాది భాభీ.

"నువ్వు ఊరుకో. నీకు తెలీదు."

ఒకరోజు బట్టలు మడతపెడుతూ మెహ్విష్‌ని అడిగాను, ఎందుకే నీకింత పట్టుదల అని.

"ఫుప్పూ, నా లైబ్రరీ కార్డ్ ఎక్కడుందో తెలుసా?" అని మేనత్తనైన నన్నే ఎదురు అడిగింది.

"ఎక్కడుంది?"

"డాడీ పర్సులో."

నిజమే. కార్డూ, రైలు పాసూ, బ్యాంకు పుస్తకమూ అన్నీ అన్న దగ్గరే. పోగొడతావంటాడు. శనివారం తనే లైబ్రరీకి వెళ్ళి, తనకి నచ్చిన పుస్తకాలు దానికి తెచ్చిపెడతాడు. నాలుగు వీధులు నడవనివ్వకుండా కారులో దింపుతాడు.

"ఐ వాంట్ టు గెట్ లాస్ట్ ఫుప్పూ. జస్ట్ వన్స్. ఒక్కదాన్నే తప్పిపోయి, ఒక్కదాన్నే ఇంటికి రావాలి."

పదో రోజు, కుదరదని మొహం మీదే చెప్పి రావడానికి అన్న స్కూలుకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయాడు. బూట్లు కూడా విప్పలేదు.

"ఎంతమంది అప్లై చేశారో తెలుసా? అరవై రెండు! సీట్లు ఇరవై! మళ్ళీ ఇంటర్వ్యూనంట!" అంటూ నిలబడే సంతకం పెట్టేశాడు. "ఇది సెలక్షన్ అని ముందే చెప్పొద్దూ?"

మెహ్విష్ ఎగిరి ఆయన మెడ పట్టుకుంది. నాకూ సంతోషంగానే అనిపించింది. మా అన్నని ఇరవై మూడేళ్ళుగా ఎరిగీ సంతోషించాను.

ఆదివారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద ఒక కట్ట ప్రత్యక్షమైంది. ఆఫీసు ప్రింటర్ కాగితం, అంచుల్లో చిల్లులు ఉండే రకం. ఆరు యూనిట్లు, ఎనభై నాలుగు ప్రశ్నలు, ప్రతిదానికీ జవాబు. యూనిట్ ఒకటి బాధ్యత. యూనిట్ రెండు సహకారం. యూనిట్ మూడు కష్టాలను ఎదుర్కొనుట. అన్నీ ఇంగ్లీషులోనే, మా ఊరి హైస్కూలు గైడు పుస్తకం మాదిరిగా.

"రోజూ స్కూలు నించి రాగానే పధ్నాలుగు ప్రశ్నలు. రుక్సార్ అప్పజెప్పించుకుంటుంది," అన్నాడు అన్న నన్ను చూపిస్తూ.

"డాడీ, ఇది మెచ్యూరిటీ ఇంటర్వ్యూ. స్టడీ చేసేది కాదు."

"అందరూ అట్లాగే అనుకుంటారు. అందుకే నలభై రెండు మంది ఇంటికి పోతారు."

అలా మూడు వారాలు నేను అప్పజెప్పించుకున్నాను. ఇరవై ఏడో ప్రశ్న, నువ్వు ఎదుర్కొన్న ఒక కష్టం చెప్పు. జవాబు: మా నానమ్మ తీవ్రంగా జబ్బుపడినప్పుడు వారం రోజులు ఇంటిల్లిపాదికీ నేనే వంట చేశాను, దానివల్ల ఓర్పు నేర్చుకున్నాను.

"దాదీకి ఎప్పుడు బాగాలేదు?" అంది మెహ్విష్. "షీ ఈజ్ ఫైన్! నిన్ననే ఫోన్లో నన్ను తిట్టింది."

సోఫాలోంచి అన్న అందుకున్నాడు. "వాళ్ళేం కందుకూరు ఫోన్ చేసి కనుక్కుంటారా?"

"నాకు వంట రాదు డాడీ. అది నేర్చుకోడానికే కదా వెళ్ళేది."

"రాదని చెప్తే సీటెవడిస్తాడు?"

మెహ్విష్ నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. ఆరో తరగతిలో నేను రైలు ప్రయాణం మీద వ్యాసం బట్టీపట్టి రాశాను. అప్పటికి రైలు చూసి ఎరుగను. ఇరవైకి పద్దెనిమిది వేశారు. కిటికీ పక్కన కూర్చుని చెట్లు వెనక్కి పరిగెత్తడం చూశానని రాసిన ఆ వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

ఇంటర్వ్యూ ముందురోజు మెహ్విష్ అన్నం ముట్టలేదు. భాభీ బతిమాలితే, నాకసలు ఆ ఇయరే వద్దు అని గదిలోకి వెళ్ళిపోయింది. నేను అన్న దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, దాని మాటల్లో దాన్ని చెప్పనిస్తే..."

"నువ్వు ఇంటర్‌లో ఫస్ట్ క్లాసు ఎట్లా తెచ్చుకున్నావు?"

బట్టీపట్టే తెచ్చుకున్నాను. సాయంత్రమంతా నా మీద నాకే చిరాకు వేసింది.

మర్నాడు భాభీకి డ్యూటీ పడటంతో అన్నతో పాటు నేను వెళ్ళాను. మిసెస్ డోనెలీ అనే టీచరు మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా మడిచిన స్వెట్టరు. మొదటి ప్రశ్న యూనిట్ ఒకటిలోది. మెహ్విష్ ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది. రెండో ప్రశ్నకి నానమ్మ జబ్బుపడింది. అన్న పెదవులు కూడా దానితో పాటే కదులుతున్నాయి.

మిసెస్ డోనెలీ పెన్ను కింద పెట్టింది. "నీకు ఈ సీటు రాలేదనుకో, మెహ్విష్. అప్పుడేం చేస్తావు?"

అది కట్టలో లేదు. మెహ్విష్ తండ్రి వైపు తిరిగింది.

"యూనిట్ ఫోర్, బేటా," అని గొణిగాడు అన్న. "పట్టుదల."

మెహ్విష్ మెడ ఎర్రబడింది. అప్పుడు తెలుగులో, టీచరుకి అర్థం కాకుండా, మెల్లగా అంది.

"డాడీ, బయట కూర్చోండి."

"ఏంటీ?"

"ప్లీజ్ డాడీ. బయట కూర్చోండి."

అన్న లేవలేదు. నేనే లేచి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. మా అన్న చెయ్యి అట్లా పట్టుకోవడం నాకు అదే మొదటిసారి.

తలుపుకి చిన్న అద్దం ఉంది. అందులోంచి మెహ్విష్ వీపూ, చేతులూ కనిపించాయి. ఇరవై నిమిషాలు అన్న ఆ అద్దం ముందు నుంచి కదల్లేదు.

"చూడు, చేతులు కూడా ఊపుతోంది," అన్నాడు. "అది నేను చెప్పలేదే."

కారులో ఏమడిగారని అడిగితే మెహ్విష్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "అన్నీ మీ కట్టలోవే డాడీ," అంది.

నవంబరులో సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. "కోచింగ్!" అని టేబుల్ చరిచాడు అన్న. ఎదురింట్లో ఫిజీ తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ అబ్బాయి శివనీల్ మెహ్విష్ కంటే ఒక క్లాసు కింద. అన్న ఎనభై నాలుగు ప్రశ్నలూ జిరాక్స్ తీసి ఆ అబ్బాయికి ఇచ్చి వచ్చాడు. ఇంటర్వ్యూ మధ్యలో బయటికి రావడం కూడా తన ప్లానేనని చెప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో మొదలయ్యే క్లాసులకి తెచ్చుకోవలసిన వాటి జాబితాలో, ఎవరి లైబ్రరీ కార్డు, ఎవరి రైలు పాసు వాళ్ళ దగ్గరే ఉండాలని ఉంది. మెహ్విష్ అడిగింది. ఆ రోజు ఇస్తాలే అన్నాడు అన్న. మళ్ళీ అడిగింది. తొందరేముంది అన్నాడు.

ఈలోగా రెండువేల సంవత్సరం వచ్చేసింది. ఎక్కడా ఏమీ ఆగిపోలేదు. లైట్లు వెలిగాయి, బ్యాంకులు తెరిచారు. ఇన్నాళ్ళూ ఏ దెయ్యాన్ని వదిలించారయ్యా అని ఆఫీసులో వాళ్ళు ఆటపట్టించారట. మేం బాగుచేయబట్టే ఆగలేదని అన్న ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. జనవరి మొదటి రోజులన్నీ మొహం ముడుచుకునే తిరిగాడు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం మెహ్విష్ నన్ను తోడు తీసుకుని లైబ్రరీకి నడిచింది. కౌంటర్ దగ్గర అమ్మాయి కళ్ళలోకి చూస్తూ కార్డు పోయిందని చెప్పింది. ఎక్కడ పోయిందో, ఎప్పుడు చూసుకుందో, ఎంత వెతికిందో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, తడబడకుండా చెప్పింది. అచ్చం యూనిట్ మూడు. పాతది రద్దు చేసి కొత్త కార్డు చేతిలో పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అడిగి తీసుకోలేవా? అబద్ధమెందుకు?"

"ఎన్నిసార్లు అడగాలి ఫుప్పూ?"

ఇంటి దాకా నేను రెండడుగులు ముందే నడిచాను.

శనివారం అన్న లైబ్రరీ నించి ఒట్టి చేతులతో, వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"రుక్సారూ! దొరికింది! వైటూకే!"

"ఎక్కడ, అన్నా?"

"లైబ్రరీలో! మెహ్విష్ కార్డు చెల్లదంటోంది మెషీను. డిసెంబరు దాకా లక్షణంగా పనిచేసిన కార్డు! కౌంటర్లో అమ్మాయి ఏదో చెప్పబోయింది. నీ తప్పు లేదమ్మా, ఇదేంటో నాకు తెలుసని చెప్పాను. తేదీ తిరగబడిందంతే. నవ్వుతారా? సోమవారం వెళ్ళి చెప్తాను ఆఫీసులో!"

ఆ పూటే కూర్చుని, లైబ్రరీని నడిపే కౌన్సిల్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. మధ్యలో ఒక ఇంగ్లీషు మాటకి స్పెల్లింగ్ అడిగితే మెహ్విష్ ఒక్కో అక్షరం నిదానంగా చెప్పింది. కొత్త సంవత్సరం వచ్చాక అన్న నవ్వడం అదే మొదలు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. మెహ్విష్ నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"నువ్వూ కంప్యూటర్ చదివినదానివే కదా. సాక్షిగా సంతకం పెట్టు," అని అన్న పెన్ను నా చేతిలో పెట్టాడు.

చదవకుండానే పెట్టాను.