మొక్కు చాటున

బీడీ మానిన పదకొండో నాడు బ్రహ్మానందం రోకలి ఎత్తి పెళ్లాం ముంజేతి మీద వేశాడు. వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న రాఘవమ్మకు ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. వరలక్ష్మి చేసిన నేరం, కూరలో ఉప్పు తగ్గడం.

అతను అదే విసురున పనిలోకి వెళ్లిపోయాడు. నొప్పికి పళ్లు దిగిన కోడలి పెదవి మీది నెత్తురు రాఘవమ్మ కొంగుతో తుడిచింది.

"ఓర్చుకోవే అమ్మాయ్. వాడు కొట్టలా, మానిన బీడీ కొట్టించింది. కోటప్పకొండ తిరణాల దాకానేగా మొక్కు. ఇంకో ఇరవై రోజులు."

"అప్పటికి రెండో చెయ్యన్నా మిగులుద్దా, అత్తా?"

కోడల్ని పొరుగింటి అబిదా ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. రాఘవమ్మ మాత్రం కొడుక్కి అన్నం క్యారేజీ పట్టుకుని బయలుదేరింది. ఆ మొక్కు మొక్కించింది ఆవిడే. నాపరాళ్ల దుమ్ముకు బీడీ పొగ తోడై కొడుకు ఊపిరితిత్తులు చెడ్డాయని మాచర్ల డాక్టరు చెప్పాడు. కోపం ముంచుకొస్తే నీళ్లు తాగి, నాలుగడుగులు నడవమనీ చెప్పాడు. పది రోజులుగా ఇంట్లో పళ్లేలు ఎగిరినా, కోడలి తల గోడకు తగిలినా, "మొక్కులో ఉన్నాడు, కదిలించకండి" అని ఆవిడ వీధికంతా సర్దిచెప్పింది.

ఆవిడ రాళ్ల మిల్లుకు చేరేసరికి కొడుకు చేతిలో నాపరాతి పలక ఒకటి పగిలింది. యజమాని చెప్పు తీసి అందరి ముందూ బ్రహ్మానందం రెండు చెంపలూ వాయించాడు, తల్లినీ కలిపి తిట్టాడు. బ్రహ్మానందం పిడికిళ్లు బిగుసుకున్నాయి. పక్కనే సమ్మెట ఉంది.

అతను కుళాయి దగ్గరికి పోయాడు. రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. రాళ్ల గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందయ్యా."

డాక్టరు చెప్పింది పొల్లుపోకుండా చేశాడు. అయితే వాడికి తెలుసు. ఎవరి ముందు నీళ్లు తాగాలో, ఎవరి మీద రోకలి ఎత్తాలో వాడికి ఎప్పుడూ తెలుసు.

రాఘవమ్మ క్యారేజీ ఇవ్వకుండానే వెనుదిరిగింది. ఇంటికి వెళ్లి, ఆపైన ఆసుపత్రికి చేరింది. అక్కడ వరలక్ష్మి నర్సుతో, "మెట్ల మీద జారిపడ్డా" అంటోంది.

"పడలా," అంది రాఘవమ్మ. "నా కొడుకు కొట్టాడు. చప్పుడు నా చెవులారా విన్నా. పోలీసుల్ని పిలువమ్మా, సాక్ష్యం నేను చెబుతా."

"అత్తా, మొక్కు..."

"నోర్మూసుకోవే. మొక్కించింది నేను. దేవుడికి సమాధానం నేను చెప్పుకుంటా."

కొంగు కింది నుంచి రోకలి తీసి నర్సు బల్ల మీద పెట్టింది.